కొన్న రోజుతో తీరని ఖర్చు: సైనిక సామగ్రి మరమ్మతు కాంట్రాక్టులు ఎవరికి, ఎలా దక్కుతాయి?

క్లుప్తంగా: ఆయుధాన్ని కొనడానికి అయ్యే ఖర్చు కంటే, దాన్ని పాతిక ముప్ఫై ఏళ్ల పాటు పనిచేసే స్థితిలో ఉంచడానికి అయ్యే ఖర్చు సాధారణంగా ఎక్కువ. ఆ మరమ్మతు పని ఎవరికి దక్కాలన్నది పానా పట్టే చేతిని బట్టి తేలదు. డ్రాయింగులు ఎవరి బీరువాలో ఉన్నాయన్న దాన్ని బట్టి తేలుతుంది. ఓర్వకల్లు, పాలసముద్రం చుట్టూ పెరుగుతున్న ఆశలను బేరీజు వేయడానికి ముందుగా ఈ కాంట్రాక్టుల తీరు తెలియాలి.

కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం పాలకొలను వద్ద డీఆర్‌డీవో ప్రయోగ క్షేత్రం ఉంది. 2025 ఏప్రిల్ 13న అక్కడ 30 కిలోవాట్ల స్థాయి లేజర్ ఆయుధంతో డ్రోన్లను కూల్చి చూపించారు. అదే ఏడాది జులైలో డ్రోన్ నుంచి ప్రయోగించే క్షిపణిని పరీక్షించారు. అక్టోబరు 16న కర్నూలుకు వచ్చిన ప్రధానమంత్రి ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక వాడలకు శంకుస్థాపన చేశారు. రెండింటికీ కలిపి 4,920 కోట్ల రూపాయలకు పైగా పెట్టుబడి అని ప్రకటించారు. పాత అనంతపురం జిల్లాలో, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న పాలసముద్రంలో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థకు భూమి ఇచ్చి చాలా ఏళ్లయింది. ఇటువంటి వార్త వచ్చిన ప్రతిసారీ ఆటోనగర్లలో, ఐటీఐ కళాశాలల్లో ఒకే ప్రశ్న వినిపిస్తుంది: ఇందులో ఇక్కడివారికి దొరికే పని ఏది?

ఆయుధాల తయారీ గురించి పత్రికల్లో చాలానే వస్తుంది. మరమ్మతు గురించి దాదాపు ఏమీ రాదు. ఎక్కువ కాలం నడిచే పని మాత్రం అదే.

ఎంఆర్‌వో అంటే మండలాఫీసు కాదు

రాయలసీమలో ఎంఆర్‌వో అంటే ఇప్పటికీ మండల రెవెన్యూ అధికారే. హోదా పేరు తహసీల్దారుగా మారినా జనం నోట ఆ పాత పేరు పోలేదు. రక్షణ, విమానయాన రంగాల్లో ఈ మూడక్షరాలకు నిర్వహణ, మరమ్మతు, ఓవర్‌హాల్ అని అర్థం. మూడూ వేర్వేరు పనులు. గంటల లెక్కన లేదా నెలల లెక్కన నూనె మార్చడం, తనిఖీ చేయడం నిర్వహణ. చెడిపోయినదాన్ని బాగుచేయడం మరమ్మతు. చెడిపోయినా చెడిపోకపోయినా నిర్ణీత కాలానికి యంత్రాన్ని పూర్తిగా విప్పి, అరిగినవి మార్చి, మళ్లీ బిగించి పరీక్షించడం ఓవర్‌హాల్.

సైన్యంలో ఈ పని అంచెలుగా సాగుతుంది. చిన్నాచితకా పనులు దళంలోనే జరిగిపోతాయి. అక్కడ కానివి ఫీల్డ్ వర్క్‌షాపుకు, అక్కడా కానివి బేస్ వర్క్‌షాపుకు వెళ్తాయి. సైన్యం తరఫున ఈ భారమంతా మోసేది ఈఎంఈ, అంటే ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్ దళం. దాని ఇంజినీరింగ్ కళాశాల సికింద్రాబాద్‌లోనే ఉంది. వైమానిక దళానికి నాసిక్ దగ్గరి ఓఝర్, కాన్పూర్, చండీగఢ్ వంటి చోట్ల బేస్ రిపేర్ డిపోలు ఉన్నాయి. తూర్పు నౌకాదళానికి విశాఖ నేవల్ డాక్‌యార్డు ఉంది. వీటి సామర్థ్యం చాలనప్పుడో, వీటికి తెలియని సామగ్రి వచ్చినప్పుడో పని కాంట్రాక్టు రూపంలో బయటికి వస్తుంది.

పద్దు వేరు, నియమావళి వేరు

2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణ శాఖకు 6.81 లక్షల కోట్ల రూపాయలు కేటాయించారు. కొత్త సామగ్రి కొనుగోలు వంటి మూలధన వ్యయం 1.80 లక్షల కోట్లు. జీతభత్యాలు కాకుండా ఇంధనం, రేషన్లు, విడిభాగాలు, మరమ్మతులు వంటి రోజువారీ నిర్వహణకు ఇచ్చింది సుమారు 1.14 లక్షల కోట్లు. మరమ్మతు టెండర్లలో ఎక్కువ భాగం ఈ రెండో పద్దు నుంచే పుడతాయి.

పద్దు మారితే నియమాలూ మారతాయి. మూలధన కొనుగోళ్లకు 2020 నాటి రక్షణ సేకరణ విధానం వర్తిస్తుంది. రెవెన్యూ కొనుగోళ్లు, అంటే రోజువారీ నిర్వహణకు చేసేవి, 2009 నాటి రక్షణ సేకరణ మాన్యువల్ ప్రకారం నడిచేవి. 2025 నవంబరు 1 నుంచి దాని స్థానంలో కొత్త మాన్యువల్ అమల్లోకి వచ్చింది. ఈ విభజన వల్ల ఆచరణలో ఒక చిక్కు ఉంది. ఆయుధాన్ని కొనే అధికారులు, ఫైలు, సంవత్సరం ఒకటి. దాన్ని బాగుచేయించాల్సిన అధికారులు, ఫైలు, సంవత్సరం ఇంకొకటి. కొనేటప్పుడు ధర తగ్గించుకోవాలని మరమ్మతు షరతులను పక్కన పెడితే, పదేళ్ల తర్వాత ఆ భారం మరొకరి నెత్తిన పడుతుంది. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర వెనుకాడినట్టు ఉంటుంది వ్యవహారం.

కడప వర్క్‌షాపు, అద్దె బస్సు

కాంట్రాక్టుల రకాలను అర్థం చేసుకోవడానికి యుద్ధవిమానాల దాకా వెళ్లక్కర్లేదు. ఆర్టీసీని చూస్తే చాలు. కడపలో సంస్థకు జోనల్ వర్క్‌షాపు ఉంది. డిపోల్లో ఇంజను, గేర్‌బాక్సు వంటివి చెడితే, విప్పిన యూనిట్‌ను వర్క్‌షాపుకు పంపి, బాగుచేసి సిద్ధంగా ఉంచిన మరో యూనిట్‌ను బస్సుకు బిగిస్తారు. బస్సు ఆగదు, యూనిట్ తీరిగ్గా బాగవుతుంది. సైన్యంలోని బేస్ వర్క్‌షాపు పద్ధతి ఇదే. మనుషులు, యంత్రాలు, నైపుణ్యం అన్నీ సొంతం. ఖర్చు కనబడుతుంది, జాప్యమూ కనబడుతుంది.

అదే ఆర్టీసీలో అద్దె బస్సులు కూడా తిరుగుతాయి. బస్సు యజమానిది. తిరిగిన కిలోమీటర్ల లెక్కన సంస్థ డబ్బు చెల్లిస్తుంది. బస్సు షెడ్డులో పడి ఉంటే నష్టం యజమానికే. అందుకని బ్రేకు లైనర్ల దగ్గర నుంచి క్లచ్ ప్లేటు దాకా అన్నీ అతనే కనిపెట్టుకుని ఉంటాడు. సైనిక పరిభాషలో పీబీఎల్ అని పిలిచే, పనితీరుకు ముడిపెట్టిన కాంట్రాక్టుకు మూలసూత్రం ఇదే. ఎన్నిసార్లు బాగుచేశారన్న లెక్క ఉండదు. ఎన్ని యంత్రాలు, ఎంత కాలం సిద్ధంగా ఉన్నాయన్న లెక్కకే డబ్బు.

ఈ రెండు కొసల మధ్య మరికొన్ని రకాలు ఉన్నాయి. పనికి ఇంత అని ధర కట్టి ఇచ్చే రేటు కాంట్రాక్టు ఒకటి. వార్షిక నిర్వహణ ఒప్పందం, అంటే ఏఎంసీ, మరొకటి: ఏడాదికి ఇంత అని తీసుకుని మనిషి వచ్చి చూస్తాడు, విడిభాగాల ధర మాత్రం అదనం. విడిభాగాలు కూడా కలిపి ఇస్తే అది సమగ్ర ఒప్పందం. ఇంట్లో నీళ్ల ఫిల్టరుకో ఏసీకో ఏఎంసీ తీసుకున్నవారికి ఈ రెండింటి మధ్య తేడా అనుభవం మీద తెలిసే ఉంటుంది.

ఏ పద్ధతిలో ఎవరికి లాభమన్నది చూస్తే అసలు కిటుకు బయటపడుతుంది. పనికింత అన్న పద్ధతిలో యంత్రం ఎన్నిసార్లు చెడితే కాంట్రాక్టరుకు అంత ఆదాయం. పీబీఎల్‌లో యంత్రం చెడకపోతేనే ఆదాయం. 2016 సెప్టెంబరులో భారత్ 36 రఫేల్ విమానాలను సుమారు 787 కోట్ల యూరోలకు కొన్నప్పుడు ఈ రెండో పద్ధతిని ఒప్పందంలోనే చేర్చుకుంది. ఎప్పుడు చూసినా కనీసం 75 శాతం విమానాలు ఎగరడానికి సిద్ధంగా ఉండాలన్నది షరతు. అంటే 36లో 27. దీని పక్కన సుఖోయ్-30 అనుభవాన్ని పెట్టి చూడవచ్చు. 48 శాతం దగ్గర ఉన్న వాటి లభ్యత 56 శాతానికి చేరిందని 2015లో అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పర్రికర్ చెప్పారు. విమానం మంచిదే, విడిభాగం సమయానికి రాక, ఓవర్‌హాల్ వరుసలో నిలబడి దాదాపు సగం విమానాలు నేల మీదే ఉండిపోయేవి.

అయితే పీబీఎల్‌కు ఖర్చు ఎక్కువ. సిద్ధంగా ఉంచే పూచీకి కంపెనీ ముందే ధర కట్టుకుంటుంది. పైగా యంత్రాన్ని కంపెనీ మనుషులే చూసుకుంటూ పోతే సైనిక సాంకేతిక నిపుణులకు చేయి తిరగదు. శాంతికాలంలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. యుద్ధం వచ్చినప్పుడు సరిహద్దు వర్క్‌షాపులో కంపెనీ ఇంజినీరు ఉంటాడన్న హామీ ఏ ఒప్పందమూ ఇవ్వలేదు.

విప్పితే గానీ తెలియని పని

లారీని ఆటోనగర్‌కు తీసుకెళ్లి ఎంతవుతుందని అడిగితే మేస్త్రీ చెప్పే మొదటి మాట: విప్పి చూశాక చెబుతాను. అతను తప్పించుకోవడం లేదు. పిస్టన్ రింగులు పోయాయనుకుని తెరిస్తే లైనరు గీత పడి ఉండొచ్చు. క్రాంకు కూడా అరిగి ఉండొచ్చు. యజమాని పక్కనే నిలబడి ఉంటాడు కనుక అక్కడికక్కడే తలూపుతాడు, పని సాగుతుంది.

ప్రభుత్వంలో తలూపేవారు పక్కన ఉండరు. ఓడను డాక్‌లోకి తెచ్చి అడుగు రేకులు గీకిన తర్వాత, టెండరులో రాసిన 20 రేకులకు బదులు 31 మార్చాలని తేలిందనుకుందాం. ఆ అదనపు 11 రేకులకు కొత్త అంచనా, కొత్త ఆర్థిక అనుమతి కావాలి. ఫైలు ఢిల్లీ వెళ్లి వచ్చేలోపు ఓడ డాక్‌లో ఖాళీగా ఉంటుంది. తర్వాతి ఓడ బయట ఎదురుచూస్తుంది. దీన్ని ముందే ఊహించే కాంట్రాక్టరు మొదటి ధరలోనే ఆ అనిశ్చితిని కలిపి పెంచేస్తాడు. లేదా తక్కువకు దక్కించుకుని, తర్వాత అదనపు పనుల పేరుతో లాగుతాడు. తక్కువ ధర వేసినవారికే పని ఇచ్చే ఎల్1 పద్ధతి రెండోవాడికే అనుకూలం.

2025 మాన్యువల్‌లో ఈ చిక్కుకు ఒక మందు వేశారు. ఓడలు, విమానాల మరమ్మతులో ఇలా పెరిగే పనికి 15 శాతం దాకా ముందుగానే వెసులుబాటు కల్పించారు. ఆ మేరకు మళ్లీ మొదటి మెట్టు నుంచి అనుమతులు ఎక్కించుకు రానక్కర్లేదు. వినడానికి చిన్న మార్పు. డాక్‌యార్డులో రోజుల లెక్క తెలిసినవారికి మాత్రం ఆ మాన్యువల్‌లో అన్నిటికంటే ఉపయోగపడేది ఇదే కావచ్చు.

జాప్యం ఎంత దూరం వెళ్లగలదో విశాఖ చూసింది. సింధుకీర్తి జలాంతర్గామి 2006లో మరమ్మతు, ఆధునికీకరణ కోసం హిందుస్థాన్ షిప్‌యార్డుకు చేరి 2015లో గానీ బయటికి రాలేదు. ఆ యార్డుకు అంతటి జలాంతర్గామి పని అదే మొదటిసారి. తర్వాత అదే తరగతికి చెందిన సింధువీర్ పనిని చాలా తక్కువ కాలంలో ముగించింది. ఆ జలాంతర్గామి 2020లో మయన్మార్ నౌకాదళానికి చేరింది. మొదటి మరమ్మతుకు పెట్టిన ఖర్చులో కొంత నిజానికి నేర్చుకోవడానికి పెట్టిన ఖర్చు. టెండరు పత్రంలో దానికి గడి ఉండదు.

తాళం చెవి ఎవరి దగ్గర?

అనంతపురం జిల్లాలో బోరు మోటారు కాలిపోతే రైతు దాన్ని వైండింగ్ షాపుకు మోసుకొస్తాడు. షాపతను మోటారు విప్పి, మాడిపోయిన తీగ చుట్లు లెక్కపెడతాడు, తీగ గేజు కొలుస్తాడు, వివరాలన్నీ నూనె మరకల నోటుపుస్తకంలో రాసుకుంటాడు, పాత రాగిని తూకం వేసి పక్కన పెడతాడు. మోటారు ఏ కంపెనీదైనా ఫర్వాలేదు. ఎలా చుట్టాలో ఆ మాడిన చుట్టే చెబుతుంది. ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.

రాడార్‌లోని సర్క్యూటు కార్డు అలా చెప్పదు. దాని మీద చిప్పుల పేర్లు చెరిపేసి ఉండొచ్చు. లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌కు తాళం ఉంటుంది. పరీక్షించే పరికరం తయారీదారు దగ్గరే ఉంటుంది. కార్డు బాగుచేయగల చేయి బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉన్నా, కాగితం లేనిదే అది కదలదు. ప్రభుత్వం సరేనన్నా తయారీదారు ఒప్పుకోకపోతే, దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వని పరిస్థితి.

ఇటువంటప్పుడు పోటీ టెండరు పిలిచి ప్రయోజనం లేదు. ఆ వస్తువు ఫలానా సంస్థ దగ్గర తప్ప దొరకదని ధ్రువీకరించి, ఆ ఒక్కరి దగ్గరే కొనడానికి 2017 సాధారణ ఆర్థిక నియమాలు వీలు కల్పిస్తాయి. ఒక్కరే అమ్మేవారైనప్పుడు ధర సమంజసమా కాదా అని తేల్చడానికి పోయినసారి ఇచ్చిన ధర తప్ప కొలబద్ద మిగలదు. పోయినసారి ధరే ఎక్కువైతే? అమెరికా రక్షణ శాఖ తనిఖీ విభాగం 2019లో ఒక సరఫరాదారు లెక్కలు చూసింది. పరిశీలించిన 47 విడిభాగాల్లో 46 మీద మితిమీరిన లాభం తీసుకున్నట్టు తేల్చింది. ఆ కంపెనీ 1.61 కోట్ల డాలర్లు తిరిగి ఇచ్చింది.

ఎఫ్-35 అనే అమెరికా యుద్ధవిమానాల కథ ఇంకా పెద్దది. వాటి నిర్వహణలో సింహభాగం కాంట్రాక్టర్ల చేతుల్లో ఉండిపోయిందని, సాంకేతిక వివరాలు సైన్యం దగ్గర తగినంతగా లేవని ఆ దేశపు జవాబుదారీ కార్యాలయం 2023లో తప్పుపట్టింది. ఆ ఏడాది మార్చి నాటికి పనికి సిద్ధంగా ఉన్నవి 55 శాతమే. 2025 ఏప్రిల్‌లో అమెరికా సైన్యానికి వచ్చిన ఆదేశంలో, ఇకపై ఒప్పందాల్లో సొంతంగా మరమ్మతు చేసుకునే హక్కును చేర్చాలన్న అంశం ఉంది. డబ్బుకు కొదవలేని సైన్యమే కొన్న తర్వాత ఆ హక్కు కోసం వెతుక్కుంటోంది.

సొంత వర్క్‌షాపా, కాంట్రాక్టరా?

అమెరికా చట్టంలో ఒక లక్ష్మణరేఖ ఉంది: డిపో స్థాయి, అంటే మన బేస్ వర్క్‌షాపు స్థాయి, మరమ్మతుల వార్షిక నిధుల్లో సగానికి మించి కాంట్రాక్టర్లకు ఇవ్వకూడదు. కనీసం సగం పని ప్రభుత్వ ఉద్యోగుల చేతుల్లోనే ఉంటే నైపుణ్యం చేజారదన్నది దాని తర్కం. మన దగ్గర అటువంటి రేఖ లేదు. సైన్యం బేస్ వర్క్‌షాపుల్లో ఆస్తి ప్రభుత్వానిది, నడిపేది ప్రైవేటు సంస్థ అనే గోకో పద్ధతిని తేవాలని ప్రతిపాదించారు. ఉద్యోగ సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. నిరుపయోగంగా పడి ఉన్న యంత్రాలు పనిలోకి వస్తాయన్నది ఒక వాదన. ముప్ఫై ఏళ్ల ఫిట్టరు అనుభవాన్ని ఐదేళ్ల కాంట్రాక్టు భర్తీ చేయలేదన్నది రెండో వాదన. రెండింటిలోనూ నిజం ఉంది. కానీ సొంత సిబ్బంది అయినా, కాంట్రాక్టరు అయినా డ్రాయింగు లేకపోతే చేయగలిగింది తక్కువే కాబట్టి, ఈ చర్చ తరచూ అసలు ప్రశ్నకు పక్కనుంచి పోతుంది.

ఓర్వకల్లు, పాలసముద్రం దాకా వచ్చే పని

ప్రయోగ క్షేత్రం వచ్చినంత మాత్రాన క్షిపణి మరమ్మతు కాంట్రాక్టులు రావు. పరీక్షకు తెచ్చినది పరీక్ష అయ్యాక వెళ్లిపోతుంది లేదా పేలిపోతుంది. అటువంటి ప్రాంగణాలకు నిత్యం కావలసినవి వేరే: జనరేటర్లు, ఏసీ ప్లాంట్లు, యూపీఎస్‌లు, వాహనాలు, విద్యుత్ సబ్‌స్టేషన్లు, కెమెరాలు, కంచె. వీటి ఏఎంసీలు ప్రభుత్వ ఈ-మార్కెట్ ద్వారా టెండర్లుగా వస్తుంటాయి. ఘనమైన పేర్లు కావు. కర్నూలు, నంద్యాల వైపు ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్లకు ఇవాళ్టికివాళ అందుబాటులో ఉండేవి మాత్రం ఇవే.

పాలసముద్రం సంగతి వేరు. భారత్ ఎలక్ట్రానిక్స్ తాను తయారుచేసిన రాడార్లకు, సమాచార పరికరాలకు తానే మరమ్మతు సేవలూ అందిస్తుంది. డ్రాయింగులు ఆ సంస్థవే కనుక పని దానికి నేరుగా వస్తుంది. అందులోని కేబుల్ హార్నెస్‌లు, పెట్టెలు, బ్రాకెట్లు, రబ్బరు సీళ్ల వంటివి చిన్న పరిశ్రమలకు పంచుతుంది. ఆ ఊరు బెంగళూరు–హైదరాబాద్ జాతీయ రహదారి మీద ఉండటం కలిసొచ్చే అంశం. దాన్నే ప్రతికూలంగానూ చూడవచ్చు: పీణ్య వంటి బెంగళూరు పారిశ్రామిక వాడల్లో ఇప్పటికే అనుమతులు చేతిలో ఉన్న వందల యూనిట్లకు కూడా అదే రహదారి అందుబాటులో ఉంది.

ఆ అనుమతుల బరువు ఎంతో తెలియాలంటే ఒక ఇత్తడి బుష్‌ను తీసుకోవచ్చు. హిందూపురంలోనో కడపలోనో అనుభవమున్న టర్నరు లేత్ మీద దాన్ని గంటలో తీయగలడు. రక్షణ సరఫరాకైతే ఆ లోహపు కడ్డీ ఏ పోతలో తయారైందో చెప్పే హీట్ నంబరు, గుర్తింపు పొందిన ప్రయోగశాల ఇచ్చిన రసాయన పరీక్ష పత్రం, ప్రతి కొలతకూ నివేదిక, ఆ కొలతలు తీసిన మైక్రోమీటరు సరిగా ఉందన్న కాలిబ్రేషన్ పత్రం జతచేయాలి. ఆపైన నాణ్యతా విభాగం తనిఖీ. రబ్బరు ఓ-రింగు అయితే దాన్ని ఏ నెలలో తయారుచేశారో కవరు మీద ఉండాలి. గడువు దాటితే వాడకుండానే చెత్తబుట్టలో వేస్తారు. బుష్ ధరలో లోహం, కూలీ కంటే కాగితం వాటా ఎక్కువైనా ఆశ్చర్యం లేదు. ఆర్డరు ఏడాదికి 40 ముక్కలకు మించకపోవచ్చు. అనుమతుల కోసం పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే ఆ 40 ముక్కలు ఏటా వస్తాయన్న నమ్మకం ఉండాలి.

కొత్త మాన్యువల్ దీన్ని కొంత గుర్తించింది. దేశీయంగా అభివృద్ధి చేసిన వస్తువులకు ఐదేళ్ల దాకా ఆర్డర్ల హామీ ఇవ్వవచ్చని, ప్రత్యేక పరిస్థితుల్లో దాన్ని పొడిగించవచ్చని చెప్పింది. ఆలస్యానికి వేసే జరిమానాను ఇటువంటి వస్తువులకు వారానికి 0.5 శాతం నుంచి 0.1 శాతానికి తగ్గించింది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ధరావతు మినహాయింపు, ప్రభుత్వ కొనుగోళ్లలో 25 శాతం వాటా అన్న నిబంధనలు అంతకుముందు నుంచే ఉన్నాయి. బిల్లు 45 రోజుల్లో రావాలన్న చట్టమూ ఉంది. అయితే ఆ గడువు సరుకును అంగీకరించిన నాటి నుంచి లెక్క. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టేనని చట్టం అంటుంది. ఆచరణలో మాత్రం తనిఖీ ఆలస్యమైతే బిల్లూ ఆలస్యం కావచ్చు. చిన్న యూనిట్ యజమాని బ్యాంకు వడ్డీకి ఆ వెసులుబాటు లేదు.

కొత్తగా ఈ పనిలోకి దిగే స్థానిక సంస్థలు ఎక్కువగా ఆగిపోయేది మాత్రం ధర దగ్గర కాదు; టెండరు పత్రంలో గత అనుభవం అడిగే నిబంధన దగ్గర. గత మూడేళ్లలో ఇటువంటి పనే చేసినట్టు ఆర్డరు కాపీలు చూపమంటారు. స్టార్టప్‌లకు, చిన్న పరిశ్రమలకు దీని నుంచి సడలింపు ఇవ్వవచ్చు గానీ, నాణ్యత, సాంకేతిక ప్రమాణాలకు లోబడి మాత్రమే; ఆ నిర్ణయం కొనే విభాగానిది. అందుకే నేరుగా సైన్యం టెండరు వేయడం కంటే, భారత్ ఎలక్ట్రానిక్స్, హెచ్‌ఏఎల్ వంటి సంస్థల వెండరు జాబితాలో పేరు ఎక్కించుకుని చిన్న ఆర్డరుతో మొదలుపెట్టడమే చాలామంది నడిచిన దారి. తొలి ఆర్డరు మీద మిగిలేది ఉండకపోవచ్చు. మరుసటి టెండరులో అనుభవం గడికి ఎదురుగా జతచేయడానికి ఆ ఆర్డరు కాపీ, దానికి వచ్చిన తనిఖీ పత్రం కావాలి.